ఖాళీ స్లాట్ల కథ

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూండగా మా ఆవిడ కన్ను అటకమీద పడింది. ఆవిడ కన్ను పడిందంటే ఏదో ఒక వస్తువుకి మూడిందన్న మాటే. ఇత్తడి గంగాళం, విరిగిన ఉయ్యాలబల్ల, తాళంచెవి పోయిన ట్రంకుపెట్టె - వీటికి ఏదో ఒక చుట్టరికం చెప్పి రక్షించుకోవచ్చు. "మా నాయనమ్మది" అంటే చాలు, మళ్ళీ అటకెక్కి కూర్చుంటాయి. కాని వాటి వెనకాల పాత దుప్పటి కప్పుకుని పడుకున్న నా కంప్యూటరుకి అలాంటి చుట్టరికమేదీ లేదాయె.

"దీన్ని పాతసామాన్లవాడికి వేసేస్తున్నా. అడ్డం వచ్చారంటే మిమ్మల్నీ తూకం వేయిస్తా" అంది.

1996లో ప్రావిడెంటు ఫండులోంచి అప్పు తీసి, సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో నాలుగు కొట్లు తిరిగి, ఒక్కో భాగమూ ఒక్కో చోట బేరమాడి, ఒక కుర్రాడిచేత బిగింపించుకున్న డబ్బా అది. దాన్ని రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన రోజున పసిబిడ్డని కూడా అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదని మా ఆవిడే దెప్పింది. ఇప్పుడు అదే నోటితో తూకం అంటోంది. సరే, కాలమహిమ!

మా ఇంట్లో ఉండి ఇంజనీరింగు చదువుకుంటున్న మనవడు - మా అమ్మాయి కొడుకు - అడ్డుపడ్డాడు. "ఉండు అమ్మమ్మా, ఒకసారి విప్పి చూసి ఇచ్చేద్దాం" అని స్క్రూడ్రైవరు తెచ్చాడు. నాలుగు మరలు తీసి మూత లాగితే గుప్పుమని పాతికేళ్ళ ధూళి. ఓ మూల బల్లి గుడ్ల పెంకులు. ఆ ధూళిలో మదరుబోర్డు మీద వరసగా ఏడు స్లాట్లు. పొడుగ్గా నల్లనివి మూడు, పొట్టిగా తెల్లనివి నాలుగు. వాటిలో మూడింటికే కార్డులున్నాయి.

"నాలుగు ఖాళీగా ఉంచేశావేం తాతయ్యా? డబ్బులు చాల్లేదా?" అన్నాడు.

డబ్బులు చాలని మాట నిజమే. కాని వాడికి తెలీకుండానే వాడడిగిన ప్రశ్న పెద్దది. మీరే చూడండి, లోకంలో ఏ వస్తువునైనా ఖాళీలు పెట్టి అమ్ముతారా? గడియారం కొంటే ముళ్ళన్నీ ఉంటాయి. కుర్చీ కొంటే నాలుగు కాళ్ళూ ఉంటాయి. "ఐదో కాలు ఎప్పుడైనా కావాలేమో, ఇదిగో దానికి చోటు" అని ఎవడూ అమ్మడు. మనవాళ్ళు మేడ కట్టేటప్పుడు మాత్రం స్తంభాల కొసల ఇనపచువ్వలు ఆకాశంలోకి అలా వదిలేస్తారు - పెద్దాడికి ఉద్యోగం వచ్చాక పై అంతస్తు వెయ్యొచ్చని. కంప్యూటరులో ఖాళీ స్లాట్లు సరిగ్గా ఆ చువ్వలే. తేడా అల్లా ఒకటే. మేడమీద చువ్వలు వదిలినవాడికి పైన కట్టబోయేది గదేనని తెలుసు. స్లాటు వదిలినవాడికి అందులోకి ఏమి వస్తుందో, ఎవరు తెస్తారో బొత్తిగా తెలీదు.

ఈ చువ్వల కథ ఎక్కడ మొదలైందంటే, అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం, ఆల్బుకర్కీ అనే ఊళ్ళో. ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన అక్కడ కాలిక్యులేటర్లు చేసి అమ్ముకునేవాడు. పెద్ద కంపెనీలు కాలిక్యులేటర్ల ధరలు పడగొట్టేసరికి పీకలదాకా అప్పుల్లో మునిగాడు. చావోరేవో అని, ఇంట్లో పెట్టుకోదగిన కంప్యూటరొకటి విడిభాగాలుగా అమ్ముదామని తలపెట్టాడు. ఆల్టెయిర్ 8800 అని దాని పేరు. 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' అనే పత్రిక 1975 జనవరి సంచికలో దాన్ని ముఖచిత్రంగా వేసింది. ఇందులో తమాషా ఏమిటంటే, పత్రికవాళ్ళకని రైలు పార్సెలులో పంపిన అసలు యంత్రం దారిలో ఎక్కడో మాయమైపోయింది. గడువు ముంచుకొస్తోంది. చేసేదిలేక పైకి దీపాలూ మీటలూ బిగించిన ఉత్త డబ్బా ఒకటి పంపితే, దాని ఫోటోయే అచ్చయింది. అంటే ఇంటింటి కంప్యూటరు యుగం ఆరంభమైంది ఒక ఖాళీ డబ్బా బొమ్మతోనన్న మాట!

అసలు యంత్రం మాత్రం ఏమంత నిండుగా ఉందనీ? కీబోర్డు లేదు, తెర లేదు. జ్ఞాపకశక్తి 256 బైట్లు - ఈ పేరా కూడా అందులో పూర్తిగా పట్టదు. కాని ఆ పెట్టె అడుగున నూరు తీగెల బాట ఒకటి పరిచి, దానిమీద కార్డులు నిలబెట్టే ఏర్పాటు చేశాడు. సరంజామా అంతా ఒకే పలకమీద ఇమడకపోవడంవల్ల వచ్చిన ఏర్పాటది. మహత్తర దూరదృష్టి ఏమీ కాదు. ఆ తీగెల బాటని 'బస్' అంటారు. మన ఆర్టీసీ బస్సుకీ దీనికీ తాత ఒకడే - 'అందరికోసం' అనే అర్థమిచ్చే లాటిను మాట. ఎక్కినవాళ్ళందరూ ఒకే దారిన పోవాలి, ఎవరి స్టాపులో వాళ్ళు దిగాలి.

అందరికోసం అన్నాక అందరూ వస్తారు కదా. రాబర్ట్స్‌గారి కంపెనీ అమ్మిన మెమరీ కార్డులు సరిగ్గా పనిచేసేవి కావు. కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్ళు అంతకన్నా మంచి మెమరీ కార్డులు చేసి అమ్మడం మొదలెట్టారు. ఆయనకి ఒళ్ళు మండి, వాళ్ళని పరాన్నభుక్కులన్నాడు. కాని ఆ పరాన్నభుక్కుల పుణ్యమాననే ఆల్టెయిర్‌కి తెర వచ్చింది, కీబోర్డు వచ్చింది. ఆ నూరు తీగెల బాటకి ఎస్-100 అని పేరు పెట్టి ఊరందరూ వాడుకున్నారు. రాబర్ట్స్ 1977లో కంపెనీ అమ్మేసి, తరవాత వైద్యం చదివి జార్జియాలో ఓ చిన్న ఊళ్ళో డాక్టరుగా స్థిరపడ్డాడు. నాకు ఈయనంటే ఎందుకో అభిమానం. తలుపు తీసి పెట్టి, వచ్చినవాళ్ళని తిట్టుకుని, చివరికి ఆ ఇల్లు వాళ్ళకే వదిలేసి వెళ్ళినవాడు.

ఆ 1977లోనే ఆపిల్-2 వచ్చింది. దాంట్లో ఎన్ని స్లాట్లు ఉండాలనే దగ్గర ఇద్దరు స్నేహితులకి పేచీ. స్టీవ్ జాబ్స్ రెండు చాలన్నాడు - ఒకటి ప్రింటరుకి, ఒకటి మోడెముకి. ఇంతకంటే జనానికి ఏం కావాలి? యంత్రాన్ని తయారుచేసిన వోజ్నియాక్ మాత్రం ఎనిమిది ఉండాల్సిందే అని భీష్మించుకు కూర్చున్నాడు. రెండే కావాలంటే వేరే కంప్యూటరు చూసుకోమన్నాడు. ఆయన మాటే నెగ్గింది. స్క్రూడ్రైవరు అక్కర్లేకుండా మూత ఊడొచ్చేది. మరుసటి ఏడు ఫ్లాపీ కార్డు ఓ స్లాటులో దూరింది. 1980లో మైక్రోసాఫ్టు కంపెనీ ఏకంగా వేరే జాతి ప్రోసెసరునే కార్డుమీద పెట్టి అమ్మింది. అది గుచ్చితే ఆపిల్ ఆపిల్ కాకుండా పోయి ఇంకో రకం కంప్యూటరు ప్రోగ్రాములు నడిపేది. ఇదంతా వోజ్నియాక్ ముందే ఊహించాడా? లేదు. ఊహించలేనని ఒప్పుకున్నాడు, అంతే. 1984లో మెకింతోష్ తయారైనప్పుడు జాబ్స్ తన పంతం నెగ్గించుకున్నాడు. అందులో ఒక్క స్లాటూ లేదు. పైగా మామూలు స్క్రూడ్రైవరు అందని మరలు బిగించారు. మూడేళ్ళు తిరిగేసరికి 1987లో మెకింతోష్-2లో ఆరు స్లాట్లు పెట్టక తప్పలేదు.

ఇక ఐ.బి.ఎం. పి.సి. సంగతి. 1981 ఆగస్టు 12న విడుదలైంది. ఐదు స్లాట్లు. ఐదేగా అని తీసిపారేయకండి, ఆ డబ్బాలో స్వతహాగా ఉన్నది చాలా తక్కువ. తెరకి బొమ్మ పంపాలంటే ఒక కార్డు, ఫ్లాపీకి ఇంకో కార్డు - అప్పుడే రెండు పోయాయి. ఇంకాస్త మెమరీకి మరోటి. దానికి గడియారం కూడా లేదు. పొద్దున్నే స్విచ్చి వెయ్యగానే ఈ రోజు తారీకెంత, టైమెంత అని అడిగేది. అందుకని ఏ.ఎస్.టి. అనే కంపెనీ ఆరు పనులు చేసిపెట్టే ఒకే కార్డు తెచ్చి బోలెడు డబ్బు చేసుకుంది. ఏ.ఎస్.టి. అంటే ఆల్బర్ట్, సఫీ, టామ్ - ముగ్గురు స్నేహితుల పేర్ల మొదటి అక్షరాలు. ఆ సఫీ కరాచీ నించి వెళ్ళినవాడు.

ఐ.బి.ఎం. వాళ్ళు చేసిన వింతపని ఏమిటంటే, ఏ తీగె ఏ పని చేస్తుందో మొత్తం సర్క్యూట్లతో సహా పుస్తకం అచ్చువేసి అమ్మడం. ఇంటి నక్షా వీధిలో పంచిపెట్టినట్టన్న మాట. ఆ నక్షా చదివినవాళ్ళలో వాన్ సువన్నుకుల్ అనే థాయిలాండు దేశస్థుడు ఒకడు. అమెరికాలో డాక్టరేటు చేస్తున్నాడు. తన సిద్ధాంతగ్రంథం థాయి లిపిలో రాసుకోవాలి. ఐ.బి.ఎం. తెర కార్డుల్లో ఒకటి అక్షరాలు ముచ్చటగానే చూపిస్తుంది కాని ఇంగ్లీషు తప్ప ఎరగదు. ఇంకోటి బొమ్మలు వేస్తుంది కాని చుక్కలు మరీ ముతక, థాయి ఒంపులూ పైగుర్తులూ అలుక్కుపోతాయి. కంపెనీకి మొరపెట్టుకునే అవసరం లేకపోయింది. ఖాళీ స్లాటు ఉంది, నక్షా ఉంది. తన కార్డు తనే చేసుకున్నాడు. అడ్డంగా 720 చుక్కలు, నిలువునా 348. అదే 1982లో వచ్చిన హెర్క్యులిస్ కార్డు. లోకమంతా దాన్ని లెక్కలకీ గ్రాఫులకీ వాడుకుంది. మన దేశంలోనూ నలుపు-తెలుపు కంప్యూటర్లలో ఏళ్ళతరబడి దాని నకళ్ళే ఉండేవి. నా మట్టుకు నేను ఆ నకలు కార్డు ఎదుట కూచుని ఎన్నో మధ్యాహ్నాలు గడిపాను. ఒకడి మాతృభాషకోసం పుట్టిన కార్డది అని తెలిసింది ఎన్నో ఏళ్ళ తరవాత.

మాతృభాష మాట వచ్చింది కనక, ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి.

1992లో మా ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. ఏ ఆఫీసని అడక్కండి. వృద్ధాప్య పింఛన్ల జాబితాలు అందులోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. తెలుగు రిజిస్టరు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో కొట్టడం. ఒక ఊరి జాబితాలో, ఒకే ఇంటిపేరుతో, రమణయ్య అని ఒకాయన, రామనయ్య అని ఇంకొకాయన ఉన్నారు. తెలుగులో రెండూ వేరని పలక పట్టిన పిల్లాడు చెబుతాడు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే స్పెల్లింగు. తండ్రిపేరుకి చోటు చాలక మొదటి అక్షరమే కొట్టాను. ఖర్మకాలి ఇద్దరి తండ్రులూ వెంకయ్య, వెంకట్రామయ్యానూ. ఓ నెల తరవాత పట్టిక సరిచూస్తూంటే ఒకే మనిషి రెండుసార్లు కనిపించాడు. పొరపాటున రెండుసార్లు ఎక్కించాననుకుని ఒక వరస తీసేశాను. అంత చురుగ్గా పనిచేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నాలుగు నెలల తరవాత ఓ మధ్యాహ్నం రామనయ్య వచ్చాడు. చేతికర్ర, భుజాన తుండుగుడ్డ. నా బల్ల ముందు నిలబడి, "బాబూ, నేను బతికే ఉన్నానండి" అన్నాడు. కోపంగా అనలేదు. నాకేదో సమాచారం అందలేదేమో, చెబుదామని వచ్చినట్టు అన్నాడు. ఆ నాలుగు నెలలూ ఏం తిన్నావని నేనడగలేదు. అడిగే ముఖం నాకు లేదు. బాకీ డబ్బు ఇప్పించడానికి కాయితాలు మరో మూడు నెలలు తిరిగాయి.

ఆ మరుసటి ఏడు మా కంప్యూటరులోకి జిస్ట్ కార్డు వచ్చింది. దాని పుట్టుక కాన్పూరు ఐ.ఐ.టి.లో. 1980ల మొదట్లో అక్కడ భారతీయ లిపులకోసం ఓ టెర్మినలు తయారుచేశారు. మోహన్ తాంబే అనే ఇంజనీరు ఆ పనిలో ముఖ్యుడు. 1988లో పుణేలో సి-డాక్ ఏర్పడ్డాక ఆ బృందం అక్కడికి చేరి, ఆ విద్యనంతా ఒక కార్డుమీదికి కుదించింది. మన లిపులన్నీ బ్రాహ్మీ సంతానమే కదా. 'క' ఏ లిపిలో రాసినా 'క'యే. కాబట్టి అన్ని లిపుల్లోని 'క'కీ ఒకే అంకె ఇచ్చి, దాన్ని తెలుగులో చూపించాలో దేవనాగరిలో చూపించాలో కార్డుకి వదిలేశారు. ఆ అంకెల పట్టికని 'ఇస్కీ' అన్నారు. 1991లో అది భారత ప్రమాణమైంది. పాత ప్రోగ్రాములకి ఈ సంగతేదీ తెలియక్కర్లేదు. డీబేస్ తన మామూలు పద్ధతిలో అంకెలు పంపిస్తుంది. నడుమ ఈ కార్డు కూచుని గుణింతాలు కూర్చి, ఒత్తులు కిందికి దించి, తెరమీద పెడుతుంది. అమెరికాలో ఇంగ్లీషుకని రాసిన ప్రోగ్రాములో తెలుగు పేర్లు!

కార్డు పెట్టడానికి పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు నా చేతికి టార్చిలైటు ఇచ్చి పట్టుకోమన్నాడు. నా విద్యాభ్యాసం అదే. ముందు ప్లగ్గు పీకేశాడు. మూత తీశాక కార్డు ముట్టుకోకుండా, ఇనప చట్రాన్ని ఓసారి అరచేత్తో తాకాడు. మన ఒంట్లో పోగయ్యే స్థిరవిద్యుత్తు అలా దిగిపోతుందిట. లేకపోతే మనకి చురుక్కుమని కూడా అనిపించనంత షాకుకే చిప్పు చచ్చిపోవచ్చుట. వెనకాల ఒక స్లాటుకి అడ్డంగా ఉన్న రేకుని మర తీసి ఊడదీశాడు. కార్డుని అంచులు మాత్రమే పట్టుకుని, బంగారుపూత పళ్ళు స్లాటుమీద ఆనించి, రెండు కొసలమీదా సమంగా నొక్కాడు. దిగింది. రేకు తీసిన చోట కార్డు తాలూకు రేకు కూచుంది. అదే మర బిగించాడు. అంతా కలిపి పది నిమిషాలు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కూచుని నేను మొదట కొట్టిన పేరు ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. కింద వరసలో రమణయ్యని కూడా కొట్టాను. రెండూ వేరువేరుగా కనపడ్డాయి.

ఆ మే నెలలో ఒకరోజు పొద్దున్న స్విచ్చి వేస్తే తెలుగు లేదు. పేర్లున్న చోటల్లా నెత్తిన చుక్కలున్న ఐరోపా అక్షరాలు, గళ్ళగీతలు, మధ్యమధ్య గ్రీకు. అంకెలు అలాగే ఉన్నాయి. వాటిని చదివి చెప్పే దుబాసీ మాత్రం లేచిపోయాడు. ఇంజనీరు రావడానికి పదిహేను రోజులన్నారు. పింఛను పట్టీలు మూడు రోజుల్లో వెళ్ళాలి. పై అధికారి ఇంగ్లీషులోనే పంపించెయ్యమన్నాడు. నేను తలూపి, తలుపు దగ్గరగా వేసి, ప్లగ్గు పీకాను.

తీయడం పెట్టడంకన్నా కష్టం. మొండిగా లాగితే రాదు. పక్కలకి ఊపితే స్లాటు పగులుతుంది. మర తీసి, పొడుగువాటున ముందు ఈ కొస, తరవాత ఆ కొస, రవ్వంత రవ్వంత పైకి లేపాలి - కూరుకుపోయిన సొరుగుని లాగినట్టు. వచ్చింది. పళ్ళు చూస్తే ఎండాకాలం చెమటకీ దుమ్ముకీ నల్లగా మకిలి పట్టి ఉన్నాయి. మా అమ్మాయి పెన్సిలు డబ్బాలోంచి పట్టుకొచ్చిన రబ్బరుతో మెల్లిగా తుడిచాను. గట్టిగా రుద్దితే బంగారుపూతే పోతుంది. పొట్టంతా ఊది, గుడ్డతో దులిపి, తిరిగి పెట్టి స్విచ్చి వేశాను. తెర నల్లగా ఉండిపోయింది! ప్రభుత్వ సొమ్ము నాశనం చేసిన నేరంమీద సస్పెన్షను ఆర్డరు అక్షరాలతో సహా కనబడింది నాకు. పదినిమిషాలు కుర్చీలోంచి లేవలేదు. ఆ తరవాత టార్చి వేసి చూస్తే, ఒక కొస పూర్తిగా దిగలేదు. ప్లగ్గు పీకి, బొటనవేలు ఆనించి నొక్కితే 'టక్' మంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. జాబితా తెలుగులోనే వెళ్ళింది.

ఇంత చెప్పాక, ఆ రోజులన్నీ బంగారమని అనేస్తానేమోనని మీరు భయపడక్కర్లేదు. కార్డు పెట్టడం చేతనవడం వేరు, అది మిగతా కార్డులతో కాపరం చెయ్యడం వేరు. ప్రతి కార్డూ ప్రోసెసరుని పిలవడానికి ఒక గంట కావాలి. అన్ని గదులకీ కలిపి గంటలు కొద్ది. రెండు కార్డులు ఒకే గంట కొడితే బంట్రోతు ఎవరి గదికి వెళ్ళాలో తెలీక నడవలో నిలబడిపోతాడు. ఎవరికి ఏ గంటో నిర్ణయించడానికి కార్డుమీద జంపర్లని చీమతలంతటి ప్లాస్టిక్ ముక్కలుండేవి; గోటితో పీకి ఇంకో జత ముళ్ళమీద పెట్టాలి. కింద పడిందా, చీపురుకి తప్ప దొరకదు. నా 1996 డబ్బాలో మోడెము కార్డుకీ మౌసుకీ ఒకే గంట పడింది. ఇంటర్నెట్‌కి ఫోను కలిసేదాకా మౌసు ముట్టుకోకూడదు. కలిశాక ముట్టుకుంటే లైను తెగుతుంది. రెండు నెలలు టెలిఫోను శాఖని తిట్టుకున్నాను. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు.

ఈ బాధ తీర్చే ఉపాయం ఐ.బి.ఎం. వాళ్ళే 1987లో కనిపెట్టారు - జంపర్లు లేని కొత్తరకం స్లాటు. కాని పాత కార్డులేవీ అందులో పట్టవు. కొత్తవి చెయ్యాలంటే ఇతర కంపెనీలు వీళ్ళకి రుసుము కట్టాలి. నక్షా పంచిపెట్టినవాళ్ళే వీధి గుమ్మానికి తాళం వేసి, తాళంచెవికి అద్దె అడిగారన్న మాట. మరుసటి ఏడు తొమ్మిది కంపెనీలు జట్టుకట్టి వేరే స్లాటు తెచ్చాయి; అది రెండంతస్తుల లోతు, పైన పాత కార్డు పట్టేది, కింద కొత్తది. చివరికి రెండూ నిలవలేదు. ఇంటెల్ వాళ్ళు 1992లో పి.సి.ఐ. తెచ్చారు - నా డబ్బాలో ఆ పొట్టి తెల్లవి. 1995లో విండోసు వచ్చాక గంటలు పంచే పని కంప్యూటరే చూసుకోవడం మొదలెట్టింది. 1996లో యు.ఎస్.బి. వచ్చింది, ఆ పనిలో ముఖ్యుడైన అజయ్ భట్ మన వడోదరా మనిషి. దాంతో మూత విప్పే పనే తప్పింది. ఏదైనా బయటనించే గుచ్చుకోవచ్చు. ధ్వని, మోడెము, నెట్‌వర్కు - ఒక్కొక్కటీ కార్డు అవతారం చాలించి మదరుబోర్డులో కలిసిపోయాయి.

జిస్ట్ కార్డూ పోయింది. అక్షరాలు కూర్చే పని సాఫ్ట్‌వేరే చేస్తోంటే కార్డెందుకు? అయితే 1991లో యూనికోడ్ మొదటి సంపుటం వచ్చినప్పుడు, మన లిపుల వరసని ఆ 'ఇస్కీ' పట్టిక నుంచే తీసుకున్నారు. ఇప్పటికీ యూనికోడ్‌లో దేవనాగరి 'క' తన వాడలో ఎన్నో ఇంట్లో ఉందో, తెలుగు 'క' తన వాడలో సరిగ్గా అన్నో ఇంట్లోనే ఉంది. మీరు ఫోనులో తెలుగులో ఏది రాసినా ఆ వరసే.

ఇదంతా వింటూ మనవడు మూడు కార్డులూ పీకేశాడు. వాడికి నేర్పక్కర్లేకపోయింది, ముందు చట్రాన్ని తాకాడు. వాడి గదిలో ఉన్న కొత్త కంప్యూటరులో పోయిన నెలే గ్రాఫిక్సు కార్డు పెట్టాడు. పేరుకే కార్డు, ఇటికంత ఉంది, మూడు ఫ్యాన్లున్నాయి, బరువుకి వాలిపోకుండా కింద గుంజ పాతాడు. ఆ జాతిలో పెద్దవాటికి 450 వాట్లు కావాలిట. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి. మొత్తానికి కరెంటిచ్చే పెట్టె సామర్థ్యం 63.5 వాట్లు! అది స్లాటులోంచి తీసేటప్పుడు కొసనున్న చిన్న కొక్కెం ముందు వదులు చెయ్యాలని, తెలీక లాగినవాళ్ళు స్లాటుతో సహా ఊడబెరుకుతారని వాడు నాకు పాఠం చెప్పాడు. బుద్ధిగా విన్నాను.

పాతసామాన్లవాడు వచ్చాడు. "కార్డులున్నాయా బాబుగారూ? వాటి రేటు వేరండి" అన్నాడు. పళ్ళమీద బంగారం సంగతి వాడికీ తెలుసు. మూడూ ఇచ్చేశాను. డబ్బా తూకానికి పెడుతూంటే మనవడు, "ఒక్క నిమిషం" అని పరిగెత్తుకొచ్చి, ఖాళీ స్లాటుకి వెనకాల అడ్డున్న రేకొకటి మర తీసి పట్టుకుపోయాడు. వెనకే వెళ్ళాను. వాడి కొత్త డబ్బాలో గ్రాఫిక్సు కార్డుకని విరిచేసిన రేకుల్లో ఒకటి ఎక్కువ విరిచాడుట. ఆ కన్నంలోంచి బొద్దింకలు వెళుతున్నాయి. 1996 నాటి రేకుని అక్కడ పెట్టి చూశాడు. అచ్చంగా సరిపోయింది. స్లాటుకీ స్లాటుకీ మధ్య దూరం 1983 నించీ ఎవరూ మార్చలేదు - అంగుళంలో పదింట ఎనిమిది వంతులు.

"మర కూడా అదే పట్టేస్తుందా తాతయ్యా?" అన్నాడు.

ధూళి తుడిచి మర వాడి చేతికిచ్చాను.